గోడకు గోడ తోడు
(స్విండన్ రైల్వే పల్లెలోని రాతి ఇళ్ళ కథ)

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఒక్క ఇల్లు లేపేసరికే ఒక కుటుంబం ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నదంతా కరిగిపోతుంది. మరి పొలాలు తప్ప ఏమీ లేని చోట ఒకేసారి మూడు వందల ఇళ్ళు కట్టాల్సి వస్తే? అందులో ఉండబోయేది జమీందార్లు కాదు. కమ్మరులు, బాయిలర్లు బిగించే ఫిట్టర్లు, బొగ్గు ఎత్తే కూలీలు. ఖర్చు తక్కువ కావాలి, పని త్వరగా తెమలాలి, అయినా ఇల్లు నాలుగు కాలాలపాటు నిలవాలి. ఈ మూడూ ఒకేచోట కుదురుతాయా?

కుదురుతాయని చెప్పే ఇళ్ళు ఇంగ్లండులోని స్విండన్ అనే ఊళ్ళో ఉన్నాయి. వాటి నిర్మాణం 1840లలో మొదలైంది. విక్టోరియా రాణి 1837లో గద్దె ఎక్కింది కాబట్టి వాటిని 'తొలి విక్టోరియన్' కాలపు కట్టడాలంటారు. అవి నేటికీ నిలిచే ఉన్నాయి, వాటిలో మనుషులు కాపురం ఉంటున్నారు. ఈ హాస్టల్లో చదువుకుని, తరువాత సివిల్ డిప్లొమా చేసి భవన నిర్మాణంలో పడ్డవాణ్ణి కాబట్టి ఈ ఇళ్ళ గురించి మన వార్షికోత్సవ సంచికలో రాయాలనిపించింది. తమ్ముళ్ళూ, ఇది పరదేశం కథే అయినా మధ్యలో ఒకచోట హాస్టలు కూడా వస్తుంది. ఓపికగా చదవండి.

టెర్రస్ అంటే డాబా కాదు

ముందుగా ఒక మాట తేల్చుకుందాం. మన దగ్గర టెర్రస్ అంటే మిద్దె పైభాగం. వడియాలు ఎండబెట్టేది, వేసవి రాత్రుళ్ళు చాపలు పరుచుకునేది అక్కడే. ఇంగ్లండులో మాత్రం టెర్రస్ అంటే ఒకదానికొకటి ఆనుకుని, ఒకే తీరులో, ఒకే వరుసలో కట్టిన ఇళ్ళు. మనం రైల్వే కాలనీల్లోనూ బొగ్గుగనుల దగ్గరా 'లైన్లు', 'క్వార్టర్లు' అంటామే, దాదాపు అదే. పక్కింటికీ మన ఇంటికీ మధ్య ఉండేది ఒకటే గోడ. అది ఇద్దరిదీ.

ఈ పద్ధతి మొదట పేదలకోసం పుట్టింది కాదు. ఇంగ్లండులోనే బాత్ అనే నగరంలో 1767 నుంచి 1775 వరకు 'రాయల్ క్రెసెంట్' అనే వరుసను కట్టారు. అర్ధచంద్రాకారంలో 30 ఇళ్ళు. జాన్ వుడ్ అనే వాస్తుశిల్పి (తండ్రి పేరు కూడా అదే, ఈయన కొడుకు) ముందు భాగం మొత్తాన్ని ఒకే రాజభవనంలా కనిపించేలా గీశాడు. వెనక భాగాన్ని మాత్రం కొన్నవాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు కట్టుకున్నారు. అందుకే ముందునుంచి చూస్తే స్తంభాలన్నీ బారులు తీరి ఉంటాయి, వెనకనుంచి చూస్తే ఏ ఇంటి దారి దానిదే! 'ఊరందరికీ కనబడేది ముందు గోడ, ఇంటివాళ్ళకు పనికొచ్చేది వెనక గోడ' అన్న సంగతి వరుస ఇళ్ళలో ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. స్విండన్‌లోనూ అదే కనిపిస్తుంది.

స్విండన్‌లోనే ఎందుకు?

లండన్ నుంచి బ్రిస్టల్ రేవుకు గ్రేట్ వెస్టర్న్ రైల్వే అనే కంపెనీ సుమారు 190 కిలోమీటర్ల దారి వేసింది. దాని ఇంజనీరు ఇజంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్. 1841 జూన్ 30న దారంతా తెరుచుకుంది. ఆ రోజుల్లో ఆవిరి ఇంజన్లు ఆగకుండా అంతదూరం లాగలేవు. మధ్యలో ఒకచోట ఇంజను మార్చాలి, నీళ్ళు, బొగ్గు పట్టాలి, పాడైనవాటిని బాగుచెయ్యాలి. ఎక్కడ పెడితే బాగుంటుందో చెప్పినవాడు ఇంజన్ల విభాగం అధికారి డేనియల్ గూచ్. 1840లో ఆయన సూచించిన చోటు స్విండన్. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్ళు. మీలో ఇంటర్, డిగ్రీ చదివేవాళ్ళ కంటే నాలుగైదేళ్ళు పెద్ద, అంతే.

ఆయన లెక్క సూటిగా ఉంది. లండన్ నుంచి స్విండన్ దాకా దారి చదునుగా ఉంటుంది. అక్కణ్ణుంచి పడమరకు వాలు ఎక్కువ. అంటే ఇంజను మార్చడానికి అదే సరైన చోటు. చెల్టన్‌హామ్ వైపు వెళ్ళే మరో దారి అక్కడే కలుస్తుంది. పక్కనే కాలువ ఉంది కాబట్టి పడవల మీద బొగ్గు వస్తుంది. 1843 జనవరిలో వర్క్‌షాపు పని మొదలుపెట్టింది.

కానీ పనివాళ్ళు ఎక్కడ ఉండాలి? పాత స్విండన్ కొండమీద ఉన్న చిన్న సంత ఊరు. వర్క్‌షాపు ఉన్నది కింద, పొలాల మధ్య. కంపెనీ దగ్గర చూస్తే డబ్బు లేదు. 25 లక్షల పౌండ్లలో అయిపోతుందనుకున్న రైలు దారి ఖర్చు 60 లక్షలు దాటింది. అప్పుడు రిగ్బీ అనే కాంట్రాక్టర్లతో విచిత్రమైన ఒప్పందం చేసుకున్నారు. ఇళ్ళనూ స్టేషనునూ కాంట్రాక్టర్లు సొంత డబ్బుతో కడతారు. బదులుగా స్టేషనులో ఫలహారశాల నడుపుకునే హక్కు దాదాపు ఉచితంగా 99 ఏళ్ళపాటు వాళ్ళది. పైగా స్విండన్ మీదుగా పోయే ప్రతి రైలూ అక్కడ పది నిమిషాలు ఆగి తీరాలి, ప్రయాణికులు దిగి తినాలి కదా! ఆ పది నిమిషాల షరతు కంపెనీ మెడకు గుదిబండ అయింది. చివరకు 1895లో లక్ష పౌండ్లు పోసి ఆ హక్కును వెనక్కి కొనుక్కున్నారు. చేతిలో డబ్బు లేదని చేసుకున్న ఒప్పందం ఎంత ఖరీదుగా ముగుస్తుందో చూడండి.

ఊరి నక్షా

నక్షా చాలా తేలిక. నోటుబుక్కులో మీరే గీసుకోవచ్చు. మధ్యలో ఒక వెడల్పాటి ఖాళీ స్థలం. దానికి పడమరన నాలుగు వీధులు, తూర్పున నాలుగు వీధులు, అన్నీ సమాంతరంగా. వీధులకు పేర్లు రైలు వెళ్ళే ఊళ్ళవే పెట్టారు. పడమటి వైపు వీధులకు పడమటి ఊళ్ళ పేర్లు: బ్రిస్టల్, బాత్, ఎక్సెటర్, టాంటన్. తూర్పు వైపు వీధులకు తూర్పు ఊళ్ళవి: లండన్, ఆక్స్‌ఫర్డ్, రీడింగ్, ఫారింగ్డన్. వీధి పేరు చూస్తే చాలు, రైలు ఎటు పోతుందో తెలిసిపోతుంది.

వీధి చివర్లలో, మధ్య చౌకుకు ఎదురుగా ఉన్న ఇళ్ళు పెద్దవి. వాటిలో ఫోర్‌మెన్లు ఉండేవారు, కొన్నింటిలో అంగళ్ళు ఉండేవి. వరుస మధ్యలోని చిన్న ఇళ్ళు మామూలు పనివాళ్ళవి. అంటే వర్క్‌షాపులో ఎవరి హోదా ఏమిటో ఊళ్ళో ఇంటి కొలతను బట్టి చెప్పెయ్యొచ్చు. రైలు పట్టాలవైపు ఉన్న మొదటి వరుసలకు ఎక్కువ మెరుగులు దిద్దారు. ఎలిజబెత్ రాణి, జేమ్స్ రాజు కాలాల పాత శైలిని తలపించే చెక్కుడు పనులు వాటికి ఉన్నాయి. కారణం ఊహించగలరు: రైల్లో పోయే పెద్దమనుషుల కళ్ళకు ముందు పడేవి అవే. లోపలి వీధులకు వెళ్ళేకొద్దీ అలంకారం తగ్గుతుంది. బాత్ నగరపు రాజభవనానికీ ఈ కార్మికుల వరుసకూ బుద్ధి ఒకటేనన్నమాట.

అయితే ఒక మంచి పని చేశారు. ప్రతి ఇంటికీ ముందూ వెనకా రెండు వైపులా వెలుతురు వచ్చేలా కట్టారు. ఇది చిన్న విషయం కాదు. అదే కాలంలో లీడ్స్, బర్మింగ్‌హామ్ వంటి పారిశ్రామిక నగరాల్లో వీపుకు వీపు ఆనించి ఇళ్ళు కట్టేవారు. ఇంటి వెనక గోడే వెనకింటి వెనక గోడ కూడా. మూడు వైపులా పక్కవాళ్ళ గోడలు, ఒక్క ముందు వైపే తలుపూ కిటికీ. గాలి ఒక పక్కనుంచి వచ్చి ఇంకో పక్కకు పోవడానికి దారే లేదు. స్విండన్ ఇళ్ళకు ముందు కాస్త తోట, వెనక చిన్న పెరడు, పెరట్లో మరుగుదొడ్డి, ఆ వెనక ఒక సందు ఉన్నాయి. ఆ సందులను స్థానికులు ముద్దుగా 'బ్యాక్సీస్' అంటారు. పిల్లల ఆటలు, ఆడవాళ్ళ మాటలు, ఆరేసిన బట్టలు, అన్నీ ఆ సందులోనే.

రాయి, సున్నం, పలక

ఇప్పుడు గోడ దగ్గరకు వద్దాం. ఇంగ్లండులో ఇటుక మీద 1784 నుంచి 1850 దాకా పన్ను ఉండేది. స్విండన్‌లో అయితే కొండమీదే సున్నపురాయి గనులున్నాయి. దగ్గర్లో దొరికే రాయి ఉండగా పన్ను కట్టి ఇటుక కొనడం ఎందుకు? గోడలను ఆ స్థానిక రాయితో కట్టారు. మూలలకు, తలుపుల చుట్టూ, కిటికీల చుట్టూ మాత్రం బాత్ రాయిని చెక్కి పెట్టారు. బాక్స్ అనే చోట రైలు కోసం దాదాపు మూడు కిలోమీటర్ల సొరంగం తవ్వారు. ఆ తవ్వకంలో వచ్చిన రాయే ఈ ఇళ్ళకు వాడారని అక్కడ చెప్పుకుంటారు.

ఒకే గోడలో రెండు రకాల రాయి ఎందుకు? గోడ మధ్యభాగానికి బరువు మోసే బండరాయి చాలు, ఆకారం వంకరగా ఉన్నా ఫరవాలేదు. మూల తిన్నగా రావాలి, కిటికీ చుట్టూ చట్రం సరిగ్గా కూర్చోవాలి. అక్కడ మాత్రం అంచు పదునుగా తెగే రాయి కావాలి. బాత్ రాయి గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉంటుంది, రంపంతో కొయ్యొచ్చు. గాలి తగిలి లోపలి తేమ ఆరేకొద్దీ గట్టిపడుతుంది. ఖరీదైన చెక్కుడు రాయిని అవసరమైన చోటే వాడి, మిగిలిందంతా చవక రాయితో నింపడం. పొదుపంటే అదీ. పొదుపు వేరు, నాసిరకం వేరు.

రాతి గోడలో ఉన్న కిటుకులు కొన్ని చెబుతాను. ఇవి అక్కడికీ ఇక్కడికీ ఒకటే.

ఒకటి: మందపాటి రాతి గోడను రెండు పొరలుగా కడతారు. బయటి ముఖం ఒకటి, లోపలి ముఖం ఒకటి, మధ్యలో చిన్న రాళ్ళూ సున్నమూ. ఈ రెండు పొరలూ విడిపోకుండా అక్కడక్కడా గోడ మందమంతా పట్టేలా ఒక పొడుగు రాయిని అడ్డంగా వేస్తారు. ఆ రాయి లేని గోడ కొన్నేళ్ళకు కడుపుతో ఉన్నట్టు ఉబ్బుతుంది.

రెండు: సున్నపురాయి భూమిలో పొరలు పొరలుగా పుడుతుంది. గనిలో ఏ తీరున పడుకుని ఉందో గోడలోనూ అదే తీరున పడుకోబెట్టాలి. నిలువుగా నిలబెడితే పుస్తకం పేజీల్లా పొరలు ఊడుతుంది.

మూడు: రాళ్ళ మధ్య వేసింది సున్నం. పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లోనే పేటెంటు వచ్చినా మామూలు ఇళ్ళకు అప్పటికి వాడకం సున్నానిదే. సున్నం రాయి కంటే మెత్తన. వాన నీరు గోడలోకి ఇంకితే మళ్ళీ ఆ సున్నపు సందుల్లోంచి ఆవిరై బయటకు పోతుంది. తెలివి తక్కువ మరమ్మతు చేసి ఆ సందుల్లో గట్టి సిమెంటు కూరితే నీటికి దారి మూసుకుపోతుంది. అది రాతిలోంచే బయటకు రావాల్సి వస్తుంది. చలికాలంలో గడ్డకట్టి రాతి ముఖాన్ని పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతుంది. 1591లో కట్టిన మన చార్మినారు నిలిచి ఉన్నదీ రాయి, సున్నంతోనే. పాత కట్టడాన్ని బాగుచేసేటప్పుడు పాత సున్నమే వాడమని పురావస్తు శాఖవాళ్ళు పట్టుబట్టేది ఇందుకే.

ఇక పైకప్పు. వానలు ఎక్కువ కాబట్టి వాలు కప్పు, దానిమీద పలకరాయి. మనం అఆలు దిద్దుకున్న పలకలకు మార్కాపురం ఎలా పేరుమోసిందో, ఇంగ్లండు ఇళ్ళ కప్పులకు వేల్స్ ప్రాంతపు పలకరాయి అలా పేరుమోసింది. పల్చగా చీలుతుంది, నీరు పీల్చదు, బరువు తక్కువ. బరువు తక్కువైతే కింద కలప తక్కువ. కలప తక్కువైతే ఖర్చు తక్కువ. రైళ్ళు వచ్చాక ఆ పలకలు దేశమంతటా చవకగా చేరాయి. రైలు తనకోసం కట్టించుకున్న ఇళ్ళకు కావలసిన సామాను రైలే మోసుకొచ్చే రోజులు వచ్చాయన్నమాట.

ఉమ్మడి గోడ లెక్క

ఇప్పుడు ఒక చిన్న లెక్క. పది ఇళ్ళు విడివిడిగా కడితే ఒక్కో ఇంటికి నాలుగు గోడల చొప్పున 40 బయటి గోడలు కావాలి. అవే పది ఇళ్ళు వరుసగా ఆనించి కడితే? ముందు గోడలు 10, వెనక గోడలు 10, పక్క గోడలు 11. మొత్తం 31. తొమ్మిది గోడల రాయి, సున్నం, కూలి మిగిలాయి. నేల కూడా మిగిలింది, ఎందుకంటే ఇంటికీ ఇంటికీ మధ్య సందు వదలక్కర్లేదు.

లాభం అక్కడితో ఆగదు. మధ్య ఇంటికి రెండు పక్కలా పొరుగువాళ్ళ పొయ్యిలు మండుతుంటాయి. చలి తగిలేది ముందు గోడకూ వెనక గోడకూ మాత్రమే. చలిదేశంలో బొగ్గు ఖర్చు తగ్గడమంటే కూలి మిగలడమే. పొగగొట్టాలను కూడా ఆ ఉమ్మడి గోడలోనే కట్టేవారు. ఇటు ఇంటి పొయ్యి, అటు ఇంటి పొయ్యి వీపులు ఆనించుకుని ఉంటే, పైన రెండు ఇళ్ళ గొట్టాలూ కలిసి ఒకే కట్టగా లేస్తాయి.

నష్టాలూ ఉన్నాయి. పక్క గోడలకు కిటికీలు పెట్టలేం. కాబట్టి ఇల్లు రెండు గదుల లోతుకు మించితే మధ్య గది చీకటిగుయ్యారం. పక్కింటి తగాదా మనింట్లో వినబడుతుంది. ఒక ఇంటి కప్పు కారితే రెండిళ్ళ గోడ నానుతుంది. నీ ఇంటిని నువ్వు ఎంత బాగా చూసుకున్నా పక్కవాడు చూసుకోకపోతే నీకు నష్టమే. ఉమ్మడి గోడలో పొదుపుతో పాటు బాధ్యత కూడా ఉంది.

గోడలు బాగున్నాయి, గదులు చాలలేదు

ఇంతవరకు చదివి స్విండన్ కార్మికులు సుఖపడ్డారనుకోకండి. మొదట కట్టిన ఇళ్ళు చాలా చిన్నవి. కొన్నింటికి కింద ఒక గది, పైన ఒక గది, అంతే. వర్క్‌షాపుకు మనుషులు వచ్చినంత వేగంగా ఇళ్ళు లేవలేదు. అద్దె భారం తగ్గించుకోవడానికి ఒక్కో కుటుంబం ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళను ఇంట్లో పెట్టుకునేది. రెండు గదుల్లో పదిమంది, పన్నెండుమంది. రాత్రి డ్యూటీవాళ్ళు లేచి వెళితే అదే పక్కమీద పగటి డ్యూటీవాళ్ళు పడుకునేవారు. మురుగు పోయే ఏర్పాటు సరిగా లేదు. జబ్బులు ప్రబలాయి.

ఇది స్విండన్ ఒక్కదాని కథ కాదు. 1842లో ఎడ్విన్ చాడ్విక్ అనే అధికారి బ్రిటన్ కార్మికుల పారిశుధ్యం మీద పెద్ద నివేదిక ఇచ్చాడు. మురికి నీరు, ఇరుకు ఇళ్ళు, జబ్బులు, వీటికి సంబంధం ఉందని అందులో చూపించాడు. 1848లో మొదటి ప్రజారోగ్య చట్టం వచ్చింది. 1875 చట్టం తరువాత వీధి వెడల్పు, వెనక ఖాళీ స్థలం, మురుగు కాలువల విషయంలో స్థానిక సంస్థలు నిబంధనలు పెట్టి అమలు చేయగలిగాయి. స్విండన్ ఇళ్ళ నిర్మాణం ఈ చట్టాలన్నిటికంటే ముందే మొదలైంది. కట్టినవాళ్ళకు రాయి గురించి తెలిసినంతగా మురుగు గురించి తెలియదు. ఇల్లంటే గోడలూ కప్పూ మాత్రమే కాదు, లోపలికి వచ్చే నీరు, బయటకు పోయే నీరు కూడా ఇంటిలో భాగమేనన్న సంగతి ఎన్నో ప్రాణాలు పోయాక తెలిసొచ్చింది.

అక్కడా ఒక హాస్టలు

పెళ్ళికాని కుర్రాళ్ళకు చోటు చూపడానికి కంపెనీ ఊరి మధ్యలో ఒక పెద్ద రాతి భవనం తలపెట్టింది. కోటలాంటి గోడలు, మూలల్లో బురుజుల్లాంటి కట్టుబడి. ఒక్కొక్కరికి చిన్న గది, అందరికీ కలిపి వంటశాల. ఇంతలో రైల్వే వ్యాపారం దెబ్బతిని పనివాళ్ళను తీసేశారు, కట్టడం కూడా మధ్యలో ఆగింది. 1850ల నడుమ ఎలాగో పూర్తిచేశారు. కానీ కుర్రాళ్ళు అందులో ఉండటానికి ఇష్టపడలేదు. వచ్చే వేళ, పోయే వేళ, అన్నిటికీ నిబంధనలే. ఇరుకైనా సరే, ఎవరో ఒక కుటుంబంతో కలిసి ఉండటమే మేలనుకున్నారు. ఆ భవనానికి జనం పెట్టిన పేరు 'బారక్స్', అంటే సిపాయిల కొట్టాలు. ఆ పేరులోనే తీర్పు ఉంది.

1860లలో అందులో కొంతకాలం వేల్స్ నుంచి వచ్చిన ఇనుప కార్మికుల కుటుంబాలు ఉన్నాయి. 1869లో అది ప్రార్థనా మందిరమైంది. 1962లో రైల్వే మ్యూజియం అయింది. 2000లో మ్యూజియం వేరే చోటికి వెళ్ళింది. భవనం మాత్రం చెక్కుచెదరలేదు. గోడ ఎంత గట్టిగా ఉన్నా, లోపల ఉండేవాళ్ళను ఒక్క మాట అడగకుండా కట్టిన హాస్టలు హాస్టలుగా నిలవలేదన్నది ఇక్కడి పాఠం. గది ఇస్తే సరిపోదు, అది 'నాది' అనిపించాలి. ఈ సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు?

తమకు తామే కట్టుకున్నవి

పనివాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1847లో వైద్య నిధి సంఘం ఏర్పడింది. ప్రతి కార్మికుడి కూలిలోంచి కొంత కోసి నిధిలో వేసేవారు. దానితో వైద్యుడు, మందులు. తరువాత 1870ల మొదట్లో సొంత ఆసుపత్రి, ఆపైన స్నానశాలలు, ఈత కొలను కూడా వచ్చాయి. బ్రిటన్‌లో 1948లో మొదలైన జాతీయ ఆరోగ్య సేవకు ముందు దారి చూపినవాటిలో ఈ సంఘాన్ని ఒకటిగా చెబుతారు. 1844లో మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్ అనే సంస్థ ఏర్పడింది. దానికి 1855లో మధ్య చౌకులో సొంత భవనం లేచింది. గ్రంథాలయం, చదువుకునే గది, నాటకాలు వేసుకునే హాలు అందులో ఉండేవి. పగలంతా సమ్మెట కొట్టిన చేతులు రాత్రి అక్కడ పుస్తకం పట్టాయి. ఆ ఊరి ఇళ్ళు కంపెనీ కట్టించినవి. ఆ ఊరి బతుకు మాత్రం వాళ్ళు కట్టుకున్నది.

కూల్చేద్దామన్నారు

నూట ఇరవై ఏళ్ళు గడిచేసరికి ఇళ్ళు బొగ్గు పొగకు నల్లబడ్డాయి. పెరళ్ళలో అడ్డదిడ్డంగా రేకుల షెడ్లు, కొట్లు లేచాయి. 1960లలో వాటిని కూల్చివేస్తారన్న మాట వచ్చింది. చివరకు స్థానిక మునిసిపల్ కౌన్సిలు 1966లో రైల్వే నుంచి ఆ ఇళ్ళను కొన్నది. తరువాతి సంవత్సరాల్లో నల్లబడ్డ రాయిని శుభ్రం చేశారు, అడ్డంగా లేచినవాటిని తీసేశారు, లోపల కొత్త వసతులు పెట్టి మళ్ళీ అద్దెకు ఇచ్చారు. ఫారింగ్డన్ రోడ్డులోని 34వ నంబరు ఇంటిని పాతకాలపు సామానుతో మ్యూజియంగా ఉంచారు. 1986లో వర్క్‌షాపు మూతపడింది. ఒకప్పుడు పదివేలకు పైగా మనుషులకు అన్నం పెట్టిన పని పోయింది. ఇళ్ళు మాత్రం మిగిలాయి, చట్టం రక్షణలో ఉన్న చారిత్రక కట్టడాలుగా.

మరమ్మతు ఎందుకు సాధ్యమైంది? గోడలు మొదటే సరిగా కట్టారు కాబట్టి. లోపలి వసతులను తరువాతి తరం మార్చుకోవచ్చు. పునాది, గోడ, కప్పు నాసిరకమైతే మార్చుకోవడానికి ఏమీ మిగలదు. "పేదవాళ్ళకే కదా" అని సిమెంటులో ఇసుక పాలు పెంచే ప్రతివాడికీ ఈ ఇళ్ళు చూపించాలి.

బాబాసాహెబ్ ఉన్న వరుస ఇల్లు

వరుస ఇళ్ళతో మనకు మరో బంధం ఉంది. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదువుతున్న రోజుల్లో, 1921-22లో, లండన్‌లోని 10, కింగ్ హెన్రీస్ రోడ్ ఇంట్లో ఉన్నారు. అది కూడా విక్టోరియా కాలపు వరుస ఇల్లే. స్విండన్‌లా రాతి ఇల్లు కాదు, నగరపు నాలుగంతస్తుల ఇల్లు. కానీ కిటుకు అదే: సన్నటి ముఖం, రెండు పక్కలా పొరుగువాళ్ళ గోడలు, ముందూ వెనకా వెలుతురు. ఆ ఇంటిని 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని స్మారకంగా మార్చింది. పరదేశంలో అద్దె గదిలో ఉండి చదువుకున్న విద్యార్థి బస ఇవాళ జనం వెళ్ళి చూసే చోటైంది.

మనం చేయగల పని

తమ్ముళ్ళూ, కట్టడాన్ని చదవడానికి ఇంగ్లండు వెళ్ళక్కర్లేదు. ఒక టేపు, ఒక పెన్సిలు, గళ్ళ కాగితం చాలు. ఈ సెలవుల్లో మన హాస్టల్ భవనాన్ని మీరే కొలవండి. గోడ మందం ఎంత? కిటికీలు ఎదురెదురుగా ఉన్నాయా, గాలి ఆడుతుందా? ఒక్కొక్కరికి ఎన్ని చదరపు అడుగులు వస్తుంది? వాన నీరు కప్పుమీంచి ఎటు దిగుతోంది, గోడకు నెమ్ము ఏ మూల కనబడుతోంది? స్నానాల గది నీరు చివరకు ఎక్కడికి చేరుతోంది? ఇవన్నీ ఒక నక్షా మీద గీసి తేదీ వేసి పెట్టండి.

మరమ్మతులకు అర్జీ పెట్టేటప్పుడు "హాస్టల్ బాగాలేదు" అని రాస్తే ఎవరూ కదలరు. "ఉత్తరం వైపు మూడో గదిలో, కిటికీ పైన, నాలుగు అడుగుల పొడవున గోడ నానుతోంది, పైన కప్పు మీద నీరు పోయే గొట్టం మూసుకుపోయింది" అని నక్షాతో సహా రాస్తే ఏ ఇంజనీరుకైనా కాగితం పక్కన పెట్టడం కష్టం.  వచ్చే వార్షికోత్సవ సంచికలో మీరు గీసిన మన హాస్టల్ నక్షాను చూడాలని నా కోరిక. కొలతలు అడుగుల్లో రాయండి, ఉత్తర దిక్కు గుర్తు పెట్టడం మరవకండి.